మామయ్యగారి సైకిలు రాలీ కాదు

మా అత్తగారి ఊరు అంగలకుదురు. తెనాలి నుంచి గుంటూరు వైపు బయల్దేరితే ఊరు దాటీ దాటగానే వస్తుంది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు పాత గొడ్లచావిడి పడగొట్టించాలని ఇంటిల్లిపాదీ నడుం కట్టాం. గొడ్లు పోయి ఇరవయ్యేళ్ళయింది. చావిడి మాత్రం ఇంట్లో అక్కర్లేనివన్నీ చేరే చోటుగా మిగిలింది. విరిగిన కవ్వం, చిల్లుల కాగు, పిల్లల ఉయ్యాల గొలుసులు, ఇలా ఒక్కొక్కటీ దించుతుంటే అటక మీద, పాత గోనెల కింద, మామయ్యగారి సైకిలు కనబడింది. సైకిలంటే సైకిలు కాదు. చక్రాల్లేవు, హ్యాండిల్లేదు, సీటు లేదు. ఒట్టి ఫ్రేమూ, దానికి ఫోర్కూ, కింద పళ్ళచక్రమూ.

“నాన్నగారి రాలీ!” అన్నారు మావారు. మా మరిదీ అదే మాట. ఆడపడుచుకి వీడియో కాల్ చేస్తే అటునుంచి తనూ అదే మాట. ఇంగ్లండు రాలీ అని, అప్పట్లో ఊళ్ళో అలాంటిది లేనేలేదని, దాని మీద మామయ్యగారు కాలవగట్టు వెంట బడికి వెళ్తుంటే జనం ఆగి చూసేవాళ్ళని నా పెళ్ళైన దగ్గర్నుంచీ వింటూనే ఉన్నాను. మామయ్యగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. 2019లో పోయారు. ఉన్నన్నాళ్ళూ ఆ కథ ఆయన నోటే విన్నాం, తర్వాత పిల్లలు అందుకున్నారు.

నేనైతే ఆ ఫ్రేముని తుడిచి వరండాలో ఓ మూల పెట్టి ఊరుకునేదాన్నే. మా మరిది ఊరుకోలేదు. ఫొటోలు తీసి, పాత సైకిళ్ళు కొని సేకరించే హైదరాబాదు ఆయనకెవరికో పంపాడు. ఆయన వెంటనే ఆసక్తి చూపించాడు. “ముందు బ్యాడ్జి ఏదండీ?” అని అడిగాడు. హ్యాండిలు దిగే గొట్టం మీద ముందువైపు కంపెనీ బిళ్ళ ఉంటుంది కదా, మన సైకిలుకి అది లేదు, రెండు చిల్లులే మిగిలాయి. రాలీ బ్యాడ్జి అంటే కొంగ తల బొమ్మ. అది ఉంటే ఒక ధర, లేకపోతే ఇంకో ధర.

“వదినా, దానిదేముంది, డూప్లికేటు బ్యాడ్జిలు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. నల్ల రంగు కొట్టించి, బంగారు గీతలు గీయించి, కొంగని అతికిస్తే సరి” అన్నాడు మరిది.

నాకు అక్కడే ముల్లు గుచ్చుకున్నట్టయింది. అమ్మడం తప్పని కాదు. ఇల్లన్నాక అన్నీ దాచుకుంటూ కూర్చోలేం, ఆ మాట చావిడి ఖాళీ చేసినవాళ్ళకి బాగా తెలుసు. కానీ అది రాలీ అని మనకి నిజంగా తెలుసా? తెలియకుండా కొంగని అతికించి అమ్మితే అది మోసం. అమ్మకపోయినా, అదే మాట పిల్లలకి చెప్పి గోడకి తగిలిస్తే అదీ ఒకలాంటి మోసమే. ముందు ఎవరు చేసిందో తేలుద్దాం, తర్వాత అమ్మేదీ ఉంచేదీ మాట్లాడుకుందాం అన్నాను. “నీకెందుకొచ్చిన గోల” అన్నారు మావారు. పండక్కి నాలుగు రోజులు ఉన్నాం, ఆ నాలుగు రోజులూ అదే గోల.

ముందు మా చెల్లెలి కొడుక్కి ఫోన్ చేశాను. వాడు ఇటలీలో, మిలాన్‌లో చదువుతున్నాడు. కిందటేడు అక్కడ సెకండ్ హ్యాండులో పాత రేసు సైకిలు కొన్నాడు. అమ్మినవాడు ‘కొల్నాగో’ అని చెప్పి అమ్మాడు. మిలాన్ పక్కనే కంబియాగో అనే ఊళ్ళో 1954లో మొదలైన కంపెనీ అది. చాలా పేరున్నది. వీడు మురిసిపోయి కొన్నాడు గానీ, తెలిసినవాళ్ళకి చూపిస్తే స్టిక్కరు చూసి నమ్మొద్దు, గొట్టాలు చూడమన్నారట. కొల్నాగో గుర్తు పేకముక్కల్లో కళావరు. 1970ల నుంచి వచ్చిన ఫ్రేముల్లో చాలావాటికి గొట్టాలు కలిసే తొడుగుల మీద ఆ ఆకు చెక్కి ఉంటుంది. దె రోజా అనే ఇంకో కంపెనీది ఆఠీను. (మా మామయ్యగారుంటే ఇస్పేటు ఎవరిదని అడిగేవారు, పేకాటంటే అంత ఇష్టం.) వీడి ఫ్రేములో ఏ ఆకూ లేదు.

అప్పుడు పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టం విప్పించాడట. అక్కడ అబద్ధం ఆడటం కష్టం అన్నాడు. ఇటలీ వాళ్ళ కొలతలో దాని కప్పులు 36 మిల్లీమీటర్లుంటాయి. రెండు పక్కలా మర ఒకే వైపుకి బిగుస్తుంది. ఇంగ్లీషు పద్ధతిలో అయితే కుడిపక్క కప్పు మర తిరగేసి ఉంటుంది, తొక్కేకొద్దీ సడలకుండా. వీడిది ఇటలీ మరే. అంటే ఇటలీదని తేలింది గానీ, చేసిన చెయ్యి ఎవరిదో తేలలేదు. అక్కడ చిన్న చిన్న షెడ్లలో ఫ్రేములు చేసి పెద్ద పేర్లవాళ్ళకి ఇచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారట. పేరొకరిది, చెమటొకరిది. వాడు ఆ కొల్నాగో స్టిక్కరు గీకేసి, పేరు లేని సైకిలు మీదే కాలేజీకి వెళ్తున్నాడు. “పెద్దమ్మా, స్టిక్కరు పోయాక ఎవరూ ఎత్తుకెళ్తారన్న భయం కూడా పోయింది” అన్నాడు నవ్వుతూ. పాతికేళ్ళు నిండని పిల్లాడు. వాడి మాట నాకు ధైర్యాన్నిచ్చింది.

మర్నాడు ఫ్రేముని ఆటోలో వేసుకుని తెనాలి వెళ్ళాం. తెనాలిలో ఇనుప తుక్కుతో, పాత చైన్లూ బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారు. “అక్కడికేనా?” అన్నాడు ఆటో అబ్బాయి. కాదు నాయనా అని, డెబ్బై దాటిన ఒక పాత సైకిలు షాపాయన దగ్గరికి తీసుకెళ్ళాం.

ఆయన ఫ్రేముని తలకిందులుగా పెట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, వేలితో తడుముతూ చెప్పడం మొదలెట్టాడు. ఆ పది నిమిషాలూ నాకు కాలేజీలో కూర్చున్నట్టే అనిపించింది. పాత రోజుల్లో పళ్ళచక్రం చూసే కంపెనీ చెప్పేవారట. రాలీ అయితే చక్రంలో కొంగలు. హంబర్ అయితే పరిగెత్తే మనుషుల బొమ్మలు. బి.ఎస్.ఎ. అయితే ఆ మూడక్షరాలే ఇనుములో కోసి ఉంటాయి, బిళ్ళ మీద మూడు తుపాకులు. అది తుపాకుల కంపెనీయే మరి. హంబర్ ఫోర్కు ఒక్కో పక్కా రెండేసి గొట్టాలు. మన చక్రం మాత్రం ఎప్పుడో మార్చేసిన మామూలు బజారు చక్రం. అది సాక్ష్యానికి పనికిరాదు.

“ఫోర్కు చూడమ్మా” అన్నాడు. రాలీకి ఫోర్కు పైన అడ్డంగా గొట్టంలాంటిది ఉండి రెండు చివరలా మెరిసే టోపీలు తొడిగి ఉంటాయట. దీనికి లేవు. ఫోర్కు కూడా మార్చి ఉండొచ్చు కదా అన్నారు మావారు, ఆశ చావక. అప్పుడాయన ఇరుసు గొట్టంలో గ్రీజు, మట్టి గీకి, కిరసనాయిలుతో కడిగి, షాపులో ఉన్న మామూలు కప్పు తీసి తిప్పాడు. సాఫీగా చివరిదాకా వెళ్ళింది. “నాటింగ్‌హామ్ రాలీ అయితే రెండు చుట్లకే పట్టేసేది” అన్నాడు. చాలా ఇంగ్లీషు కంపెనీల మర అంగుళానికి 24 చుట్లు, రాలీ వాళ్ళ రోడ్డు సైకిళ్ళకి సొంతంగా 26. చూపుకి తేడా తెలియదు, కప్పుకి తెలుస్తుంది.

“మరి ఏ కంపెనీదండీ?” అంటే, “బిళ్ళ ఉంటే చెబుదును. మీ బిళ్ళ ఊడిపోలేదమ్మా, ఎవరో ఆకురాయితో రివెట్లు అరగదీసి తీశారు” అని ఆ రెండు చిల్లుల చుట్టూ ఉన్న గీతలు చూపించాడు.

దారి పొడుగునా ఎవరం మాట్లాడలేదు. నాకు మాత్రం ‘బైసికిల్ థీవ్స్’ సినిమా గుర్తొచ్చింది, విట్టోరియో డి సికా 1948లో తీసింది. సైకిలు పోగొట్టుకున్నవాడు రోములో సంతలో రంగు వేస్తున్న ఒక ఫ్రేముని చూసి నాదేనని అనుమానించి నంబరు చూపించమంటాడు. పోలీసుని పిలిచి చూస్తే నంబరు వేరు. ఆ సినిమా అంటే అందరికీ తండ్రీ కొడుకులు గుర్తుంటారు. నాకెప్పుడూ మొదట్లో వచ్చే భార్యే గుర్తుంటుంది. తాకట్టులో ఉన్న సైకిలు విడిపించడానికి ఆమె మంచం మీద దుప్పట్లు లాగి, మూట కట్టి తీసుకెళ్ళి కుదువ పెడుతుంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న దుప్పట్లు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు వరండాలో మినప్పప్పు చెరుగుతూ కూర్చున్నారు. ఆవిడకి ఎనభై నాలుగు. చెవులు కాస్త మందం, మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ఫ్రేము దించుతుంటే చూసి, “ఏమన్నాడు?” అని అడిగారు.

“రాలీ కాదంటున్నాడత్తయ్యా.”

“ఎట్లా అవుతుంది? నా మురుగులకి రాలీ వస్తుందా?” అన్నారు చేట ఆపకుండానే.

మేం నలుగురం నిలబడిపోయాం. ఇటలీకి ఫోన్ చేశాం, హైదరాబాదుకి ఫొటోలు పంపాం, తెనాలి వెళ్ళి మరలు లెక్కపెట్టించాం. ఈ మూడు రోజులూ ఆవిడ మా కళ్ళెదుటే ఉన్నారు. ఆవిడని అడగాలని ఒక్కరికీ తోచలేదు. మావారికీ తోచలేదు, మరిదికీ తోచలేదు, పెద్ద పరిశోధకురాలిలా బయల్దేరిన నాకూ తోచలేదు. సైకిళ్ళ సంగతి ఆవిడకేం తెలుసని కాబోలు.

ఆవిడ చెప్పింది ఇది. 1961లో మామయ్యగారికి నడిచి వెళ్ళలేనంత దూరం బడికి బదిలీ అయింది. ఆ రోజుల్లో అల్లుడికి సైకిలూ, వాచీ, రేడియో పెట్టడం మర్యాద కింద చెలామణీ అయ్యేది. అత్తయ్యగారి అక్క మొగుడికి వాళ్ళ నాన్న రాలీ సైకిలు కొనిపెట్టాడు. మామయ్యగారి దగ్గరికి వచ్చేసరికి ఆ ఏడు పంట పోయింది, పెట్టలేకపోయాడు. మామయ్యగారు అడగలేదు. అడిగే మనిషి కాదు. కానీ తోడల్లుడు రాలీ మీద వస్తే ఈయన నడిచి ఎదురెళ్ళడం ఆవిడ చూడలేకపోయింది. తన మురుగుల జత తీసి ఇచ్చింది. తెనాలి బజార్లో తాకట్టు పెట్టి, ఆ డబ్బుతో హెర్క్యులస్ కొన్నారు. మురుగులు విడిపించడానికి మూడేళ్ళు పట్టింది.

“మరి రాలీ అని ఎందుకన్నారు?”

“పండక్కి మా పుట్టింటికి వెళ్ళినప్పుడు మా బావ అందర్లో ‘నీదేం కంపెనీ’ అన్నాడు. ఈయన రాలీయే అన్నాడు. ఇంటికొచ్చి ఆ రాత్రే ఆకురాయి పెట్టి బిళ్ళ తీసేశాడు. నేను దీపం పట్టుకున్నా.”

తర్వాత లోపలికెళ్ళి తన రేకు పెట్టె తెచ్చారు. అడుగున ఒక గుడ్డలో చుట్టి, పంచాయతీ వాళ్ళ సైకిలు పన్ను బిళ్ళలు నాలుగు. ఆ రోజుల్లో సైకిలుకీ పన్నుండేది, రాత్రి దీపం లేకపోతే జరిమానా కూడా. వాటిలో పాతది 1961-62ది. వాటి కింద హెర్క్యులస్ బ్యాడ్జి. మా మరిది దాన్ని తీసుకెళ్ళి ఫ్రేము మీద పెట్టి చూశాడు. రెండు చిల్లులూ సరిగ్గా కూర్చున్నాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర వాదన జరిగింది. మావారి మాట: “నాన్న పోయారు. ఆయన అరవయ్యేళ్ళు చెప్పిన మాట ఇప్పుడు మనం అబద్ధమని తేల్చి ఏం సాధిస్తాం? రాలీ అంటే రాలీ. ఎవరికి నష్టం?” నేనిది తేలిగ్గా కొట్టిపారెయ్యను. తండ్రి ఒక రాత్రి ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడన్న సంగతి ఏ కొడుక్కైనా గుండెలో కలుక్కుమంటుంది. ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూశాను. మరిది మాట వేరు. “హెర్క్యులస్ అయితే తుక్కు రేటే వదినా” అన్నాడు. అదీ అబద్ధం కాదు.

కానీ నష్టం ఎవరికని అడిగారు కాబట్టి చెప్పాల్సి వచ్చింది. రాలీ అన్నంతకాలం ఆ కథలో మామయ్యగారున్నారు, ఇంగ్లండు ఉంది, కాలవగట్టు మీద ఆగి చూసే జనం ఉన్నారు. మురుగులు లేవు. హెర్క్యులస్ అన్నాకే మురుగులు వచ్చాయి. నేను ఈ ఇంటి కోడలినై ఇరవై ఆరేళ్ళు. ఒక్కసారైనా ఆ సంగతి విన్నానా? ఆవిడ చెప్పలేదు సరే, మనం అడిగామా?

ఇంకో సంగతి. రాలీ కాదంటే అదేదో చిన్నతనమన్నట్టు మావాళ్ళ మొహాలు ఎందుకు పడిపోవాలి? అప్పటికే హెర్క్యులస్ మన దగ్గర తయారవుతోంది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో మురుగప్ప వాళ్ళు ఇంగ్లండు కంపెనీతో కలిసి టి.ఐ. సైకిల్స్ పెట్టారు. రెండేళ్ళకి సైకిళ్ళు బయటికొచ్చాయి. సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లుధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. రాలీయే బెంగాల్లోని ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ పేరుతో తయారయ్యేది. అంటే 1961లో మామయ్యగారు నిజంగానే రాలీ కొన్నా, అది ఇంగ్లండుది కాక ఆసన్‌సోల్‌ది అయ్యుండే అవకాశమే ఎక్కువ. ఆ లెక్కన తోడల్లుడి సైకిలూ బెంగాలుదేనేమో. ఈ మాట అంటే ఆ రాత్రి మొదటిసారి అత్తయ్యగారు గట్టిగా నవ్వారు. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకి సైకిలు మీద వెళ్ళేవారని మనం గర్వంగా చెప్పుకుంటాం. అది ఏ కంపెనీ సైకిలని ఎవరైనా అడిగారా?

కొంగ బ్యాడ్జి మాట మరిది మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే ఊరుకునేదాన్నీ కాదు. మామయ్యగారు బిళ్ళ తీసేసినా దొంగ బిళ్ళ పెట్టలేదు. అవమానంలో కూడా ఆయన ఆగిన గీత అది. డబ్బు కోసం మనం దాటితే ఎట్లా? హైదరాబాదు ఆయనకి మరిది చేతే ఫోన్ చేయించాను. హెర్క్యులస్ అని, అంబత్తూరుదని, రంగు వెయ్యలేదని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన మర్యాదగానే వద్దన్నాడు.

మీ ఇళ్ళలోనూ ఇలాంటివుంటాయి. జర్మనీ కుట్టుమిషన్ అనో, స్విస్ గడియారమనో, మైసూరు మహారాజు కాలంనాటి పెట్టె అనో. అమ్మేముందు నెట్‌లో వెతకండి, తెలిసినవాళ్ళకి చూపించండి, మర లెక్కపెట్టించండి, తప్పులేదు. కానీ ఇంట్లో పెద్దావిడ ఉంటే ముందు ఆవిడ పక్కన కూర్చుని అడగండి. కంపెనీ పేరు చెప్పలేకపోవచ్చు. డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం తప్పకుండా చెబుతుంది. కొన్నిసార్లు ఆ జవాబులోంచే కంపెనీ పేరు కూడా బయటపడుతుంది. మాకట్లాగే పడింది. ఈ మాటలు అరవయ్యేళ్ళకి అడిగాం మేం. ఇంకో రెండు పండగలు ఆలస్యమైతే అడగడానికి ఎవరుండేవారో.

తిరిగొచ్చే రోజు పొద్దున మావారు ఫ్రేముకి నూనె గుడ్డతో తుప్పు తుడుస్తూ, “అమ్మా, బిళ్ళ మళ్ళీ బిగించనా?” అని అడిగారు. ఆయన అంత నెమ్మదిగా అడగడం నేనెప్పుడూ వినలేదు.

అత్తయ్యగారు కాసేపు ఆలోచించి, “పిల్లలకి చెప్పుకోండి, నాకేం కాదు. ఎక్కడికెళ్ళినా ఎవరడిగినా హెర్క్యులస్ అనే చెప్పండి. బిళ్ళ మాత్రం నా పెట్టెలోనే ఉండనీ” అన్నారు. బిగించాలనే నాకుండింది. కానీ అది నా మురుగులతో కొన్నది కాదు కదా. గుడ్డలో చుట్టి మళ్ళీ ఆవిడ చేతికే ఇచ్చాం. ఫ్రేము వరండాలో ఉంది. షాపాయన రిమ్ములూ ఊచలూ దొరుకుతాయన్నాడు. ఉగాదికి వెళ్ళినప్పుడు చూడాలి.